కింద, మెట్లు, కిటికీ

శనివారం మధ్యాహ్నం మూడున్నరకి మా ఆయన ఫోన్ చేసి నెయిల్ కట్టర్ ఎక్కడుందని అడిగారు. ఆరోజు ఆయనకి సెలవు. ఇంట్లో ఆయన ఉన్నారు, మా అత్తయ్య ఉన్నారు, నెయిల్ కట్టర్ ఉంది. ముగ్గురూ హాల్లోనే ఉన్నారు. "టీవీ కింద సొరుగులో, బ్యాటరీల డబ్బా వెనక" అన్నాను. "లేదు" అన్నారు. "డబ్బా జరపండి." జరిపిన చప్పుడు నాకు వినిపించింది. "ఆఁ, ఉంది. ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా" అని పెట్టేశారు.

ఆ ఫోన్ వచ్చినప్పుడు నా బల్ల మీద రెండు కాగితాలున్నాయి. ఒకటి సోమవారం నుంచి అమలయ్యే డ్యూటీ చార్టు. రెండోది నా మొక్కల చార్టు. రెండూ ఒకే రకం ఫారం మీద, ఒకే పెన్నుతో నేను రాసినవే. ఫోన్ పక్కన పెట్టి, ఒక కాగితాన్ని సూపర్‌వైజర్ గారు సంతకం పెట్టాల్సిన ఫైల్లో ఉంచాను. ఇంకోదాన్ని నా బీరువా తలుపు లోపలివైపు అతికించాను. తారుమారు చేశానని సోమవారం దాకా తెలియలేదు. ఆదివారం నాకు వారాంతపు సెలవు. సెలవంటే హోటల్‌కి వెళ్లను, అంతే.

నేను పనిచేసేది ఒక పెద్ద హోటల్లో, నేల కింది అంతస్తులో. దుప్పట్లు, తువ్వాళ్లు, దిండు గలీబులు ఉండే గది నాది. ఉద్యోగం పేరు స్టోర్ అసిస్టెంట్. ఉతికి వచ్చినవి లెక్కపెట్టి పైకి పంపాలి, మాసినవి లెక్కపెట్టి ఉతకడానికి పంపాలి. చార్టు రాయడం నా పని కాదు. నేను చేరిన మొదటి నెలలో సూపర్‌వైజర్ గారు వచ్చి, "నీ రాత ముత్యాల్లా ఉందమ్మా, ఈ ఒక్కసారికి రెండు గీతలు గీసిపెట్టు" అన్నారు. ఆ రెండు గీతలకి పదకొండేళ్లు. చార్టు అడుగున 'తయారు చేసినవారు' అని ఒక గడి ఉంటుంది. అందులో ఆయన సంతకం పెడతారు. మొదట్లో చదివి పెట్టేవారు. తర్వాత చదవడం మానేశారు.

మా అంతస్తులో ఇరవై ఆరుగురు ఆడవాళ్లున్నారు. ఒకే పేరున్నవాళ్లు నలుగురు, ఇంకో పేరుతో ముగ్గురు. అందుకని చార్టులో అసలు పేర్లు రాయడం ఎప్పుడో మానేశాను. ఇస్త్రీ అక్క, పొడుగమ్మ, బొంగురు, చిన్నొదిన, నత్త. నత్తకి మొదట్లో కోపం వచ్చేది. ఇప్పుడు అసలు పేరు పెట్టి పిలిస్తే వెనక్కి తిరిగి ఎవరిని పిలుస్తున్నారా అని చూస్తుంది.

ఇక మొక్కలు. పైన లాబీలో కుండీలుంటాయి. ఒక ఆకు పసుపురంగుకి తిరిగితే చాలు, దాన్ని తీసి వెనక తలుపు దగ్గర పెడతారు, కొత్తది తెస్తారు. పారేసే ప్రతి వస్తువుకీ ఒక చీటీ ఉండాలి. దాని మీద 'పనికిరానిది' అని రాసి సూపర్‌వైజర్ సంతకం పెట్టాలి. అలా పారేసినవాటిలో మొదటిది నాలుగేళ్ల కిందట కిందకి తెచ్చుకున్నాను. కత్తుల్లా నిలువుగా పెరిగే ఆకులు, అందులో మూడే మిగిలాయి. కత్తులమ్మ అని పేరు పెట్టాను. తర్వాత గొడుగమ్మ వచ్చింది, దాని ఆకులు గొడుగు ఊచల్లా విచ్చుకుంటాయి. మొండిఘటం ఆకులు మైనం పూసినట్టుంటాయి, నెల రోజులు మర్చిపోయినా ఏమీ అనదు. తెల్లజెండాకి దాహమేస్తే తల వేలాడేస్తుంది, నీళ్లు పోసిన గంటకి లేచి కూర్చుంటుంది. చిల్లుల పిల్లకి వచ్చినప్పుడు చిల్లుల్లేవు. వెలుతురు చాలినప్పుడే దాని ఆకు చీలి చిల్లులు పడతాయి. పడతాయన్న ఆశతో పేరు ముందే పెట్టాను. మొత్తం తొమ్మిదయ్యాయి.

నా గదిలో కిటికీ లేదు. ట్యూబులైటు వెలుతురులో ఏ చోటు ఎంత చీకటో కంటికి తెలియదు, కన్ను అలవాటు పడిపోతుంది. అందుకని ఒక తెల్ల తువ్వాలు పరిచి, దాని మీద జానెడు ఎత్తున చెయ్యి పట్టుకుంటాను. నీడలో వేళ్లు విడివిడిగా కనిపిస్తే మంచి వెలుతురు. అయిదూ కలిసి ఒక మచ్చలా పడితే ఓ మాదిరి. నీడే పడకపోతే అక్కడ పెట్టిన మొక్క బతకడం లేదు, చావు వాయిదా వేసుకుంటోంది. నా గదిలో నీడ పడదు. మెట్ల మలుపులో గాజు ఇటుకలున్నాయి, అక్కడ మచ్చ పడుతుంది. పైన స్టాఫ్ క్యాంటీన్ తూర్పు కిటికీలో వేళ్లు పడతాయి. క్యాంటీన్ వంటాయన మూడు కుండీలకి చోటిచ్చాడు. "నాలుగోది కనిపిస్తే తరిగి కూరలో వేస్తా" అన్నాడు. కాబట్టి మూడు కింద, మూడు మెట్ల దగ్గర, మూడు కిటికీలో. రెండు వారాలకోసారి మార్పు. ఎవరి వంతు ఎప్పుడో గుర్తుండక చార్టు రాయడం మొదలుపెట్టాను. ఏ మొక్కా వరసగా రెండు వారాలకి మించి కింద ఉండకూడదన్నది నేను పెట్టుకున్న నియమం.

మొక్కని ఒకసారి ఇంటికీ తీసుకెళ్లాను. మాది రెండు భవనాల మధ్య ఇరుక్కున్న ఇల్లు. వెలుతురొచ్చే కిటికీ ఒక్కటే, హాల్లో. దాని ముందు మా ఆయన కుర్చీ ఉంటుంది. కుర్చీ పక్కన కుండీ పెడితే, "వెలుతురు మనకే చాలి చావడం లేదు, మళ్లీ దీనికో వాటానా" అన్నారు. వంటింటి మూలకి మార్చాను. అక్కడ అత్తయ్య జాలిపడి రోజూ పొద్దున ఓ గ్లాసు, సాయంత్రం ఓ గ్లాసు నీళ్లు పోశారు. వెలుతురు లేని చోట మొక్క తాగదు, నీళ్లు వేళ్ల దగ్గరే నిలిచి కుళ్లుతాయి. నెలలో పోయింది. "ఎంత పోసినా నిలవలేదు, నీ చెయ్యి అలాంటిది" అన్నారు అత్తయ్య. మా ఆయన నవ్వారు. "దుప్పట్లు లెక్కపెట్టుకునేదానికి తోటపనెందుకు" అన్నారు. ఆ కుండీ కడిగి హోటల్‌కే తీసుకుపోయాను. అప్పటికి నా దగ్గర ఏడు మొక్కలు బతికి ఉన్నాయని వాళ్లకి చెప్పలేదు. చెప్తే ఎనిమిదోది ఎందుకు చచ్చిందో కూడా చెప్పాలి. అది చెప్పినా తప్పు నాదేనని తేలుస్తారు. ఇంట్లో చాలా మాటలు ఇలాగే లోపలే ఉండిపోయాయి. లెక్క తేలని వాదన మొదలుపెట్టడం కన్నా కుండీ కడుక్కోవడం తేలిక.

సోమవారం పొద్దున బీరువా తెరిచి, ఈ వారం కిటికీకి ఎవరు వెళ్లాలా అని చూస్తే ఇరవై ఆరుగురు ఆడవాళ్లు కనిపించారు. నోటీసు బోర్డు దగ్గరికి పరుగెత్తాను. మొక్కల చార్టు అద్దం వెనక ఉంది, కింద సూపర్‌వైజర్ గారి సంతకంతో. తాళం చెవి ఆయన దగ్గరే ఉంటుంది, ఆయన పదింటికి గానీ రారు. పై ఆఫీసు అమ్మాయి అప్పటికే వచ్చి, ఎప్పట్లాగే చార్టుకి ఫోన్‌లో ఫొటో తీసుకుని వెళ్లిపోయిందట. ఆ చార్టు చూసే హాజరు సరిచూస్తారు. బోర్డు ముందు ఏడెనిమిది మంది ఉన్నారు. కాంట్రాక్టు మీద కొత్తవాళ్లని తీసుకున్నారు, మనల్ని తీసేస్తున్నారు అని బొంగురు చెబుతోంది. ఇస్త్రీ అక్కకి మాత్రం నా మొక్కలన్నీ పేర్లతో తెలుసు. ఒక్కో గడి మీదా వేలు పెట్టి చివరిదాకా చదివి, నా వెనకే గదిలోకి వచ్చి తలుపు వేసింది.

"చిల్లుల పిల్లకి ఈ రెండు వారాలూ కిటికీ రాశావు. నాకెప్పుడు రాస్తావే?"

"అది మొక్క అక్కా."

"అదే నేనూ అంటున్నాను. మొక్క సంగతి తెలిసినదానివి, నా సంగతి తెలియదా? నేను ఈ కిందకొచ్చి ఎనిమిదేళ్లు. చలికాలంలో చీకట్లో వచ్చి చీకట్లో పోతాను. పై అంతస్తు గదులెట్లుంటాయో నాకు దుప్పట్ల నంబర్లని బట్టే తెలుసు."

"సూపర్‌వైజర్ గారు చెప్పిందే రాస్తాను. నాదేముంది?"

"నోరు ఆయనది. చెయ్యి నీదేగా" అంది. తలుపు తీస్తూ, "నీ మీద కోపం కాదు. బాగా రాశావు. అట్లా రాయడం వచ్చని ఇన్నాళ్లూ నాకు చెప్పలేదు చూడు, అదీ" అని ఇస్త్రీ బల్ల దగ్గరికి వెళ్లిపోయింది.

నేను ఆరోజు పొద్దున దుప్పట్ల లెక్క రెండుసార్లు తప్పాను. ఈ ఎనిమిదేళ్లలో అక్క పేరుకెదురుగా 'ఇస్త్రీ' అన్న మాట ఎన్నిసార్లు రాశానో అంచనా వేశాను. దాదాపు నాలుగొందలసార్లు. ఒక్కసారి కూడా పెన్ను ఆగలేదు. నేను ఉత్త రాసేదాన్ని అనుకున్నాను. చార్టు నాది కాదనుకుంటే అందులోని తప్పూ నాది కాదు. ఎంత సుఖమైన ఏర్పాటు. మా ఆయన కూడా అంతే కదా, "నేను అడిగానంతే, నువ్వే చేశావు" అంటారు, కాఫీ గురించైనా, వాళ్లమ్మ ఆసుపత్రి గురించైనా. ఆ మాట ఆయన అన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. అదే మాట పెన్ను పట్టుకుని నేను అక్కతో అన్నాను. అయితే దాని కింద ఇంకొకటి కూడా ఉంది, దాన్ని ఒప్పుకోవడానికి ఎక్కువసేపు పట్టింది. బోర్డు మీద ఆ చార్టు చూసినప్పుడు భయంతో పాటు నాకు ఒక క్షణం ముచ్చటేసింది. కొట్టివేతల్లేవు. తొమ్మిది వరసలు. ఎవరికి ఎంత వెలుతురు కావాలో, ఎవరికి ఎప్పుడు నీళ్లో, ఎవరిని ఎటు తిప్పాలో అంతా ఉంది. ఇరవై ఆరుగురి చార్టు నేను అలా ఎన్నడూ రాయలేదు. రాయడం రాక కాదు.

మధ్యాహ్నం ఒక మెమో వచ్చింది. గొడుగమ్మ, కత్తులమ్మ, తెల్లజెండా, ఇంకా ఆరుగురు హాజరు వేయకుండా విధుల్లో ఉన్నట్టు తెలుస్తోందని, రెండు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని. దాని వెనకే జనరల్ మేనేజర్ గారి పిలుపొచ్చింది. సూపర్‌వైజర్ గారినీ, నన్నూ.

జీఎం గారు కొత్తగా వచ్చినవారు. ఆ గదిలోకి వెళ్లడం నాకదే మొదటిసారి. ఏసీ గాలి సూటిగా తగిలే చోట ఒక కుండీ ఉంది, ఆకుల అంచులు మాడి ఉన్నాయి. జీఎం గారి చేతిలో చార్టు ఉంది.

"ఇది ఎవరు తయారు చేశారు?"

"నేనే సర్" అన్నారు సూపర్‌వైజర్ గారు, కాగితం వంక చూడకుండానే. "పదకొండేళ్లుగా నేనే సర్."

"గొడుగమ్మ ఎవరు?"

సూపర్‌వైజర్ గారు నా వైపు చూశారు. నేను మాడిన ఆకుల వైపు చూశాను. "కొత్తావిడ సర్. కాంట్రాక్టు మనిషి."

"కత్తులమ్మ?"

"ఆవిడా అంతే సర్. ఇద్దరూ అక్కాచెల్లెళ్లు."

"కిటికీ అని రాశారు."

"అద్దాలు తుడిచే డ్యూటీ సర్."

"మొండిఘటం?"

"పని బాగా చేస్తుంది సర్. మాటే వినదు."

జీఎం గారు కళ్లద్దాలు సర్దుకున్నారు. "ఈవిడకి ఇరవై రోజులకోసారి నీళ్లు అని రాసి ఉంది. తెల్లజెండాకి తల వేలాడేశాకే ఇవ్వాలట. చిల్లుల పిల్లని వారానికోసారి పావు వంతు తిప్పాలట. మనం మనుషుల్ని ఇలా చూసుకుంటున్నామా?"

నేను ఊరుకుంటే సూపర్‌వైజర్ గారు ఇంకో నాలుగు మెట్లు దిగేవారు. దిగనిద్దామా అని కూడా అనిపించింది.

"సర్, అవి మొక్కలు" అన్నాను.

"రాసిందెవరు?"

"నేను."

"మరి మామూలు చార్టు?"

"అదీ నేనే సర్. పదకొండేళ్లుగా." ఆ చివరి మాట సూపర్‌వైజర్ గారి దగ్గరే తీసుకున్నాను.

జీఎం గారు కిందకి వచ్చారు. కింద మూడు, మెట్ల దగ్గర మూడు, క్యాంటీన్లో మూడు చూశారు. తువ్వాలు మీద చెయ్యి పట్టే పద్ధతి చూపిస్తే మూడు చోట్లా తనూ పట్టి చూశారు. చిల్లుల పిల్ల దగ్గర ఎక్కువసేపు నిలబడ్డారు. ఆ నెలలోనే కొత్త ఆకు విప్పింది, మూడు చీలికలతో. "మన లాబీలో ఇంత బాగా లేవే" అన్నారు. "ఈ సాయంత్రమే అన్నీ పైకి, అద్దాల ముందుకి చేర్పించండి." చెప్పింది సూపర్‌వైజర్ గారికి. "అలాగే సర్, మొదట్నుంచీ నా పర్యవేక్షణలోనే సర్" అన్నారాయన. ఆయనకి ప్రాణం లేచొచ్చింది.

అందరం నా గదికి తిరిగొచ్చాక బీరువా తెరిచి, పిన్ను గుచ్చి దాచిన తొమ్మిది చీటీలు తీసి బల్ల మీద పెట్టాను. ప్రతిదాని మీదా 'పనికిరానిది'. ప్రతిదాని కిందా ఆయన సంతకం.

"ఇవి హోటల్ పారేసిన మొక్కలు సర్. నాలుగేళ్లు నేను పెంచాను. ఇప్పుడు నావి. పైకి ఇవ్వడానికి అభ్యంతరం లేదు. కానీ ఈ సాయంత్రం పంపితే ఎల్లుండికి ఆకులు కాలిపోతాయి. నీడకి అలవాటు పడ్డ ఆకు ఒక్కసారిగా ఎండని తట్టుకోదు. మెట్టు మెట్టుగా తీసుకెళ్లాలి, నెల పడుతుంది."

"నెలలో చెయ్యగలరా?"

"చెయ్యగలను. కానీ" అన్నాను. పై అంతస్తు వాళ్లతో నేను 'కానీ' అన్న మాట ఒకే రోజు రెండుసార్లు అన్నాను. "అది పనిగంటల్లో, నా పనిగా రాయాలి. చార్టూ నా పేరు మీదే ఉండాలి. మొక్కలకి పెట్టిన నియమమే కింద పనిచేసేవాళ్లకీ పెడతాను. ఎవరూ వరసగా రెండు వారాలకి మించి కింద ఉండకూడదు."

తలుపు అవతల ఇస్త్రీ ఆవిరి చప్పుడు ఆగింది. సూపర్‌వైజర్ గారు, "పైన గదుల పని వీళ్లకి రాదు సర్" అన్నారు. "కత్తులమ్మకి వచ్చా?" అన్నారు జీఎం గారు.

రెండు వారాలకి ఆయన ఒప్పుకోలేదు. నాలుగు వారాల దగ్గర తేలింది. మూడు నెలలు చూద్దాం అన్నారు. సూపర్‌వైజర్ గారి ఉద్యోగం ఆయనకే ఉంది, చార్టు పని మాత్రం నాకొచ్చింది. అడిగినదానికన్నా తక్కువే. అయినా తర్వాతి శనివారం 'తయారు చేసినవారు' అన్న గడిలో నా పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాశాను. ఆ గడి అంత చిన్నదని అప్పటిదాకా నాకు తెలియదు. ఇరవై ఆరుగురినీ అసలు పేర్లతో రాశాను, పక్కన ఉద్యోగుల నంబర్లతో. నత్త తన పేరు కోసం బోర్డు మీద చాలాసేపు వెతికింది. ఇస్త్రీ అక్కని మొదటి వారం మెట్ల మీద వేశాను, రెండో వారం నడవాలో, తర్వాత తూర్పు గదుల్లో. "నన్నూ కుండీలా జరుపుతున్నావా" అంది. తూర్పు గదిలో మొదటి రోజు కళ్లు నీళ్లు కారాయట, వెలుతురుకి. సాయంత్రం కిందకి వచ్చి, దుప్పటి నంబరు చెప్పి, "ఆ గదిలోంచి నది కనిపిస్తుందే" అంది.

చార్టు పని నాకెలా వచ్చిందో ఇంట్లో చెప్పాను. "మొక్కల వల్లా?" అన్నారు మా ఆయన, మొక్కల వల్ల కాకపోతే నమ్మేవారేమో అన్నట్టు. అత్తయ్య, "మన ఇంట్లో ఒక్కటి బతకలేదు, అక్కడ తొమ్మిదా?" అన్నారు. "ఇక్కడ నీళ్లెక్కువయ్యాయి అత్తయ్యా. వెలుతురు తక్కువైంది" అన్నాను. ఆవిడ "అంటే నేను పోసినవా?" అని అడిగారు. అవునన్నాను. ఇన్నాళ్లూ కడుపులో దాచుకున్న మాట. చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు, ఇల్లు కూలలేదు.

ఒక శనివారం సాయంత్రం హోటల్ నుంచి ఒక ఖాళీ ఫారం తెచ్చి, ఇంటి చార్టు రాసి ఫ్రిజ్ మీద అతికించాను. ముగ్గురి పేర్లు, ఏడు రోజులు. అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని ముందు తన వరస వెతుక్కున్నారు. మంగళ, గురువారాలు తనకి 'కిటికీ' అని చూసుకున్నారు. మంగళవారం మా ఆయన ఆఫీసు నుంచి వచ్చేసరికి, అత్తయ్య ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నారు. "చార్టులో ఉందిరా" అన్నారు, లేవకుండా.

ఆదివారం నా వంతు వచ్చింది. చిల్లుల పిల్ల కాడ ఒకటి తుంచి నీళ్ల సీసాలో వేసి తెచ్చాను, అది కుర్చీ పక్కన ఉంది. మా ఆయన వంటింట్లోంచి పిలిచారు. "పప్పు డబ్బా ఎక్కడ?"

"రెండో అరలో."

"లేదు."

"ముందున్నది జరపండి."

జరిపిన చప్పుడు వినిపించింది. ఆయన గరిటె పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికి వచ్చి, చార్టులో నా వరస చదివారు. "ఆదివారం నీకు కిటికీ అని ఉంది. అంటే ఏంటి, అద్దాలు తుడవడమా?"

"కాదు, కూర్చోవడం" అన్నాను.

ఒళ్లో పేపరు ఉంది. దాని మీద జానెడు ఎత్తున చెయ్యి పట్టి చూశాను. అయిదు వేళ్లూ విడివిడిగా పడ్డాయి.